ఒక చుక్కంటే అర్థమైనట్టు

మొన్న షోళింగనల్లూరులో మా అబ్బాయి ఫ్లాటుకు వెళ్ళినప్పుడు, కాలేజీలో పాఠాలు చెప్పే మా కోడలు ఆన్‌లైను క్లాసు ముగించి, లాప్‌టాప్ మూసి, తల పట్టుకుని కూర్చుంది. పిల్లలందరూ కెమెరాలు ఆపేసుకున్నారట. "ఒక్క ముఖమూ కనపడలేదత్తా, గోడకి చెప్తా ఉండినట్టే ఉండింది, రొంబ కష్టం," అని సగం అరవంలో విసుక్కుంది. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ముఖాలు కనపడకుండా పాఠం చెప్పడమెట్లా అన్న బెంగతో అన్నం సయించక నేను తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. నా ఈడు వాళ్ళయితే నమ్ముతారు, ఆ పిల్లకు చెబితే కథలల్లుతున్నాననుకుంటుంది.

తొంభైల చివరి మాట ఇది. అప్పుడు చూలై పేటలో మా మామగారి ఇంట్లో ఉండేవాళ్ళం. ముందు భాగమంతా ఆయన టోకు వ్యాపారం, వెనక మా కాపురం. పోస్టు ద్వారా డిగ్రీ చదివే వాళ్ళకోసం పురసవాక్కంలో ఒక కోచింగ్ సెంటరు ఉండేది, అక్కడ సాయంత్రాలు నేను స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఆ ఇంటి కోడలు గడప దాటి ఉద్యోగానికి వెళ్ళడం నాతోనే మొదలు. మామగారు సరేననలేదు, వద్దనీ అనలేదు. మొదటి రోజు నేను బయల్దేరే వేళకు వాకిట్లో పేర్చిన మూటలన్నీ పక్కకు తీయించి దారి వదిలారు. మా ఇంట్లో అనుమతి అంటే అదే.

ఇంతలో సెంటరుకు వచ్చే పిల్లలు తగ్గిపోయారు. మా ప్రిన్సిపాలుగారు కొత్త మోజుల మనిషి, ఇంటర్నెట్టు తెప్పించి, దూరపు ఊళ్ళ పిల్లలు అక్కడి బ్రౌజింగ్ సెంటర్లలో కూర్చుంటే మనం ఇక్కడినుంచే చెప్పవచ్చునన్నారు. గొంతూ లేదు, బొమ్మా లేదు, తెర మీద టైపు చేసిన అక్షరాలే పాఠం. ముందు ఒక క్లాసు నడిపి చూపించాలి, కుదిరితే కోర్సు నాది, కుదరకపోతే ఆ సబ్జెక్టే ఎత్తేస్తారు. ఒకసారి ఇంట్లో కూర్చున్నానంటే ఆ మూటలు రెండోసారి పక్కకు జరగవని నాకు బాగా తెలుసు.

టైపు భయం లేదు, పెళ్ళికి ముందే నేర్చుకున్నాను. నల్లబల్ల దగ్గర నోటికొచ్చేదంతా చిన్న చిన్న వాక్యాలుగా రాసుకుని, కామర్సు చెప్పే ఆవిడను పక్క గదిలో విద్యార్థినిగా కూర్చోబెట్టి రిహార్సలు మొదలుపెట్టాను. సగటు గురించి టైపు చేశాను, ఆ తర్వాతి సంగతి చేశాను, అవతలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తరగతిలోనయితే ఒకసారి తలెత్తి పిల్లల నొసళ్ళు చూస్తే చాలు, ఎక్కడ మళ్ళీ చెప్పాలో తెలిసిపోయేది. ఇక్కడ ఖాళీ తెర. నా వేళ్ళు ఆగిపోయాయి, పాఠం సగంలోనే లేచేశాను. తీరా అడిగితే ఆవిడకు అంతా అర్థమైందట. టీచరు చెబుతుంటే మధ్యలో పలకడం మర్యాద కాదని ఊరుకుందట. మన పిల్లలూ అంతే కదా, తెలిసినా తెలియకపోయినా చేతులు కట్టుకుని వింటారు. అంతా వెనకనుంచి చూస్తున్న ప్రిన్సిపాలుగారు మొహం ముడుచుకుని, వచ్చే వారం ఆ ఊళ్ళ పిల్లలతోనే ఇంకొక్కసారి చూద్దామన్నారు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మామగారి ఎదుట కోడళ్ళు పడకూడదు, పలకకూడదు. ఆయన ముందు గదిలోనుంచి గోడవైపు చూస్తూ ఏదో అడిగేవారు, అత్తగారు దగ్గర లేకపోతే వంటింట్లోనుంచి నేను స్టీలు గ్లాసును పొయ్యిగట్టు మీద తట్టేదాన్ని. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. అన్నేళ్ళలో ఆయన నా ముఖం సరిగా చూసిందీ లేదు, మా మధ్య ఏ మాటా పొరబాటు పోయిందీ లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను దిగులుగా గిన్నెలు సర్దుతుంటే, "ఈ పూటకి చారు చాలు గదా?" అని ఆయన గొంతు వినిపించింది. అలవాటుగా గ్లాసు ఒకసారి తట్టాను. తట్టిన చెయ్యి అట్లాగే నిలిచిపోయింది.

క్లాసు రోజున మొట్టమొదటి వాక్యం అదే టైపు చేశాను: నేను ఆగినప్పుడల్లా అర్థమైనవాళ్ళు ఒక చుక్క పెట్టండి, కానివాళ్ళు రెండు చుక్కలు పెట్టండి, ఇది పాఠంలో భాగమే, మర్యాద తప్పినట్టు కాదు. సగటు చెప్పి ఆగాను. ఎక్కడో తిరునల్వేలినుంచి ఒక చుక్క వచ్చింది, వెనకే ఇంకో రెండు ఊళ్ళనుంచి వచ్చాయి, ఆ తర్వాత ఒక పిల్లదగ్గరనుంచి మొహమాటంగా రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలు చూసి నేను పడ్డ సంతోషం చెప్పలేను, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. క్లాసు ముగిశాక ప్రిన్సిపాలుగారు కోర్సు నాదేనన్నారు.

ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్ళానో లేదో, ముందు గదిలోనుంచి మామగారు అత్తగారిని ఉద్దేశించినట్టు గట్టిగా, "ఏమే, ఆ పాఠం బాగా జరిగిందంటనా?" అని అడిగారు. ఆయనకు ఆ సంగతి తెలుసనే నాకు తెలియదు. అత్తగారు నోరు తెరిచేలోపే నేను గ్లాసు ఒకసారి తట్టాను. తర్వాత ఆయన తన మజ్జిగ గ్లాసును రాతినేల మీద ఒక్కసారి, మెల్లగా తట్టారు. అంతకుముందెప్పుడూ ఆయన తిరిగి తట్టలేదు. అన్నాళ్ళ బరువూ దిగిపోయి, పొయ్యి ముందు నిలబడి హాయిగా ఏడ్చాను.

ఆ ఘోషా రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను, పోయినందుకు సంతోషమే. నా కోడలూ నేనూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తింటాం, ఏదైనా నేరుగా మాట్లాడుకుంటాం. కానీ గోడ అవతలి చిన్న చప్పుడు కోసం చెవి అప్పగించి కూర్చునే ఓపిక మామగారి తరంతోనే వెళ్ళిపోయిందేమోననిపిస్తుంది. మొన్న ఆ పిల్ల దిగులు చూడలేక వంటింట్లోకి వెళ్ళి, ఎందుకో గ్లాసు ఒకసారి గట్టు మీద తట్టాను. "కాఫీ అయిందా అత్తా?" అంటూ లేచి వచ్చింది. అయిందమ్మా అనేసి, అప్పుడు పాలు పొయ్యి మీద పెట్టాను.