అత్తమ్మకు చెప్పిన ఎండ్రకాయ పాఠం

నిన్న నా బతుకేమైందో వినుండ్రి. ముందు చాయ్ పోయుండ్రి, నాకు ఓపిక లేదు. కాలేజీల నేను చెప్పే పాఠం ఎవ్వరికీ ఎక్కదు గదా, ఇంట్ల ఒక్కసారి చెప్తే ఎక్కింది! అదే నా కొంప ముంచింది.

రాజురా కాలేజీల కాంట్రాక్ట్ మీద జువాలజీ చెప్తున్న గదా. నిన్న నా క్లాసుల కూసుంటా అని ప్రిన్సిపల్ సార్ ముందే చెప్పిండు. వచ్చే యేడు నా నౌకరీ ఉంటదా ఊడుతదా అన్నది ఆ క్లాస్ మీదనే. టాపిక్ ఏమో ఎండ్రకాయల సంతానం. జివతి దిక్కు వాగుల నుంచి ఒక జంటను తెప్పిచ్చి బాత్రూంల రెండు బకెట్లల్ల పెట్టిన.

మొన్న సాయంత్రం ఇంటికొస్తే అత్తమ్మ మసాలా నూరుతున్నది.

"వానకాలపు ఎండ్రకాయ, పులుసు పెడితే మస్తుంటది."

"అయ్యో, వద్దత్తమ్మా! అది కడుపుతోటి ఉన్నది!"

నమ్మలే. ఇగ తిప్పి చూపెట్టిన. పొట్ట మీద మడత ఉంటది, మగదానికి సన్నగ కోసుగ, ఆడదానికి ఎడల్పుగ గుండ్రంగ. ఆ మడత కిందనే గుడ్లు మోస్తది. సముద్రంల వాటి లెక్క కాదు, వీటికి గుడ్లల్లకెల్లి సీదా చిన్న చిన్న ఎండ్రకాయలే బయటికొస్తయ్. కొన్నాళ్లు తల్లి పొట్టకే కరుసుకొని ఉంటయ్.

"మరి మొగుడు?"

"పొట్టకు పొట్ట ఆనిచ్చి గంటల కొద్ది ఉంటడు. మడత కింద గొట్టాల లెక్క రెండు ఉంటయ్, వాటితోటి పని కానిచ్చుకొని పోతడు. పిల్లల మొఖం గూడ చూడడు."

అత్తమ్మ సోఫాల ఫోన్ చూసుకుంటున్న మా ఆయన దిక్కు చూసింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నూరిన మసాలా వంకాయల వేసింది. గెలిచిన అనుకొని హాయిగ పండుకున్న.

నిన్న పొద్దున లేస్తే ఆడదాని బకెట్ ఖాళీ!

"అత్తమ్మా, ఎండ్రకాయేది?"

"కాన్పు తల్లిగారింట్లనే గదనే! టిఫిన్ డబ్బాల తడిగుడ్డ ఏసి జివతి బస్సెక్కిచ్చిన. కండక్టర్ మనోడే."

కండక్టర్‌కు ఫోన్ కొట్టిన. "వాగు కాడ ఇడిసినం మేడం! బస్సంత దిగి చూసింది. మంచిగ పోయింది."

క్లాసుల మగదాన్నొక్కదాన్నే ట్రేల పెట్టుకొని నిలబడ్డ. "మాదీ కుఠే?" అని మరాఠీల అడిగిండు ప్రిన్సిపల్ సార్, ఆడదేది అని. అబద్ధం ఆడే తాకత్ గూడ లేకపాయె.

"మాహేరీ గేలీ, సర్."

తల్లిగారింటికి పోయింది సార్! క్లాసంత ఒకటే నవ్వుడు. సార్ మాత్రం నవ్వలే. సోమవారం మళ్ల కూసుంటా, ఆడదాన్ని పిలిపించుండ్రి అన్నడు. అంటే ఆదివారం గూడ నాకు వాగుల ఎండ్రకాయను దేవులాడుడే.

ఇయ్యాల ఆగలేక అత్తమ్మనడిగిన, వాగు పని అయినంక నాలుగు దినాలు గడ్‌చాందూర్‌ల మా అమ్మోళ్లింటికి పోయొస్తా అని.

"అది కడుపుతోటి ఉన్నది. నీకేమైందే?"

ఎమ్మెస్సీ జువాలజీ చేసిన. ఈ ఇంట్లకెల్లి తల్లిగారింటికి పోవాలంటే ఎండ్రకాయై పుట్టాలని ఏ సిలబస్‌లనూ చెప్పకపాయిరి!