పదిహేడో చెట్టు వాసన

పని ఉన్న రోజు ఆమె తలకు నూనె రాసుకోదు, పౌడరు వేసుకోదు, కాఫీ తాగదు. ముక్కుతో చేసే ఉద్యోగం. అడవి నుంచి వచ్చిన ఆకును వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తుంది. ఆ వాసన ముక్కులోంచి పోవడానికి తన మోచేతి మడతలో ముక్కు పెట్టి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తరవాతే ఇంకో ఆకు. ఆమె వేరు చేసిన ఆకుల నుంచే నూనె తీసి, వాసన దేనిదో తేల్చే మిషనుకు ఎక్కిస్తారు. పరిశోధనశాలలో అందరూ ముక్కమ్మ అంటారు. ఆమె పలుకుతుంది కూడా.

ఆ అడవిలో ఆ జాతి చెట్లన్నిటి ఆకుదీ కర్పూరం వాసన. పదిహేడో నంబరు చెట్టుదొక్కటే నిమ్మతొక్క వాసన. నేల వల్ల కాదు, పుట్టుకతో వచ్చింది. దాన్ని కనిపెట్టింది ఆమె అన్న. ఆకుల కోసం చెట్లెక్కే పని అతనిది. సాయంత్రం చొక్కా తలుపు వెనక తగిలిస్తే గదంతా అదే వాసన.

అన్న జ్వరంతో పోయాడు. మరుసటి వానాకాలం గాలికి పదిహేడో చెట్టు కూలింది. అన్న చొక్కాను ఆమె ఉతకకుండా దాచింది గాని, ఏడాదికల్లా అందులో గుడ్డ వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక మిగిలినవి అన్న ఆ చెట్టు నుంచి కోసుకొచ్చిన గింజలు. మొలిచినవి నలభై ఒకటి. తల్లి తెలుసు, తండ్రి ఏ చెట్టో పుప్పొడి మోసిన తేనెటీగలకే తెలియాలి. అందుకే ఆ వాసన కొన్ని మొక్కలకు వస్తుంది, కొన్నిటికి రాదు. జానెడు ఎత్తు కాగానే ఆమె ఆకులు నలిపింది. అన్నీ కర్పూరమే. రిజిస్టరులో తన చేత్తోనే 'పారెయ్యాలి' అని రాసింది.

మూడేళ్ల తరవాత, పరిశోధన నడిపే మేడమ్ వేరే మొక్కల ఫలితాలు చూసి ఒక మాట చెప్పింది. లేత వయసులో ఈ జాతి మొక్కలన్నిటిదీ ఒకే వాసన. సొంత వాసన మూడో ఏట గాని బయటపడదు.

ఆ మధ్యాహ్నం ముక్కమ్మ అన్నం డబ్బా తెరవలేదు. ఏమైందని తోటమాలి అడిగాడు.

"నలభై ఒక్కటీ నేనే చంపేశాను బాబాయ్."

"నలభై ఒకటెక్కడ? ఇరవై మూడు వెనక గోడ పక్కన నాటాగా. పచ్చగా ఉన్నదాన్ని చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు."

"మూడేళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"పారెయ్యమని రాసింది నువ్వాయె. చెబితే పీకిస్తావని భయం. ఇంత పేరున్న ముక్కు వెనక గోడ దాకా రాదని నాకేం తెలుసమ్మా?"

ఏడ్చిన ముక్కుకు వాసన తెలియదు. అందుకని మర్నాటి దాకా ఆగింది.

గోడ ఈ చివర నుంచి మొదలుపెట్టింది. ఎనిమిది మొక్కలు కర్పూరం. తొమ్మిదో ఆకు నలిపాక చాలాసేపు మోచేతి వైపు తల తిప్పలేదు.

రిజిస్టరులో రాసింది: ఇరవై మూడులో నిమ్మతొక్క వాసనవి నాలుగు. మిషను మూడింటినే ఒప్పుకుంది. నాలుగోది ఉత్త కర్పూరమని తేల్చింది. ఆ మూడింటికీ వచ్చే వానల్లో అంట్లు కడతారు.

నాలుగోదాన్ని మాత్రం ప్రతి సోమవారం వాసన చూస్తోంది. ఇప్పటికి పదకొండు సోమవారాలు.