ఆఖరి ఆరు లైన్లు

కథల్లో మనుషులు మారిపోవటమంటే ఎర్రపెన్నక్కకు ఒళ్లు మంట. ఒక వారపత్రిక ఆఫీసులో ఇరవై నాలుగేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది కాబట్టి ఆ మంటకు కట్టెల కొరత లేదు. వారానికి మూడు కథలు ఆమె బల్ల మీదికి వస్తాయి. మూడింట్లోనూ ఎవరో ఒకరు మారి తీరతారు. కిందటి నెలలో గోడ మీద పిచ్చుకను చూసి ఒక అత్తగారు మారిపోయింది. కిటికీలోంచి వానను చూసి ఒక మేనేజరు మారిపోయాడు. జనం చొక్కా మార్చుకోవటానికైనా ఇంతకంటే ఎక్కువసేపు పడుతుందని గొణుక్కుంటూనే, మేనేజరు కన్నీళ్లలో ఎగిరిపోయిన ఒత్తును ఆమె జాగ్రత్తగా పెట్టింది.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. మెట్ల కింద ఒక బల్ల, ఒక టేబుల్ లైటు, వీపు విరిగిన కుర్చీ, నాలుగు ఎర్ర పెన్నులు, ఇదీ ఆమె సామ్రాజ్యం. అందులో శాసనం ఒక్కటే: అక్షరం నాది, అర్థం రాసినవాళ్లది. ఒకాయన అమావాస్య నాడు నిండుచంద్రుణ్ణి పొడిపిస్తే కూడా ఆమె పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది. రాసినాయన దాన్ని పట్టించుకోలేదు. చంద్రుడు అచ్చయ్యాడు.

ఆమె చెల్లెలు రచయిత్రి. మనిషి లోపల్లోపల ఎలా ఎదుగుతాడో, చప్పుడు లేకుండా ఎలా మారతాడో కథగా రాయటం నేర్పుతానని వర్క్‌షాపులు కూడా పెడుతుంది. చేతులు తిప్పుతూ బాగా చెబుతుందట. ఎర్రపెన్నక్క ఒక్కదానికీ వెళ్లలేదు. అక్కచెల్లెళ్లు పెళ్లిళ్లలోనో చావుల్లోనో ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నా" అనుకోవటం, అంతే.

ఇరవై ఆరేళ్ల కిందట చెల్లెలి మొదటి కథ ఇదే వారపత్రికలో అచ్చయింది. ఆ కథలో ఒక అక్క ఉంది. ఆ అక్కకు చిన్నప్పుడు మూర్ఛ వచ్చేది. కుళాయి గట్టు మీద పడి గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. ఊరివాళ్లకు తెలియకుండా తల్లి దాచుకొచ్చిన సంగతిని, పదిహేనో ఏట నయమైపోయిన జబ్బును, చెల్లెలు చక్కటి వాక్యాల్లో పెట్టి లోకానికి చెప్పింది. అప్పటికి ఎర్రపెన్నక్కకు సంబంధం కుదిరి ఉంది. అబ్బాయి ఆమెకు నచ్చాడు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, బాగా నచ్చాడు. అబ్బాయి తల్లి కథ చదివింది, వచ్చి ఎదురుగా కూర్చుంది, గడ్డం ఎత్తి చూసింది. కుట్లు మూడే. సంబంధం అక్కడితో సరి.

ఇంట్లో అందరూ చెల్లెలి మీద విరుచుకుపడితే, ఆ పిల్ల నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఒకటే మాట అంది: "అది కథే కదా!"

ఆ తర్వాత మరో సంబంధం కుదరలేదు. పొట్టకూటి కోసం పని వెతుక్కుంటే చివరికి దొరికింది ఆ పత్రిక ఆఫీసులోనే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మొన్న గురువారం మధ్యాహ్నం చెల్లెలి కొత్త కథ ప్రూఫు ఆమె బల్ల మీదికి వచ్చింది. పేరు చూసి ఆమె పెన్ను మూత తీయటం మర్చిపోయింది. 'మూడు కుట్లు'.

మొత్తం వాళ్లిద్దరి కథే. పాడైన పెళ్లి, ఆఫీసులో మెట్ల కింద బల్ల, అన్నీ ఉన్నాయి. ఆమె వరసగా దిద్దుకుంటూ పోయింది. దీర్ఘం, సున్న, ఒత్తు. కథ చివర్లో, ఏళ్ల తర్వాత చెల్లెలు అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. అక్క తల ఎత్తదు. ఆ తర్వాత ఆఖరి ఆరు లైన్లలో అక్క లేచి వెళ్లి చెల్లెల్ని గుండెలకు హత్తుకుంటుంది. "ఆ పెళ్లి తప్పిపోబట్టే నేను నేనయ్యానే. నీ కథే నన్ను నా కాళ్ల మీద నిలబెట్టింది. నీకు రుణపడి ఉన్నాను" అంటుంది. కిటికీ అవతల వాన వెలుస్తుంది.

వాన దగ్గర ఎర్రపెన్నక్కకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ల ముందు అక్షరాలు అలికేసినట్టయ్యాయి. ముంచిన మనిషికే దణ్ణం పెట్టించింది! రేపు ఇది అచ్చయితే బంధువుల్లో ఎవరూ కథ అనుకోరు. "పోనీలే, అక్క మనసు కరిగింది" అంటారు. ఇరవై ఆరేళ్లు కడుపులో దాచుకున్న కోపం, ఆమె సొంతమని చెప్పుకోవటానికి మిగిలిన ఆ ఒక్కటీ, ఆరు లైన్లలో చెల్లెలి ఖాతాలోకి పోతుంది.

అప్పుడే ఎడిటరు బల్ల పక్కనున్న చెక్క అడ్డం మీదుగా తొంగి చూశాడు. "అక్కా, ఆ కథ పేజీలో పట్టట్లేదు. ఆరు లైన్లు ఎక్కువొచ్చాయి. ఎక్కడో ఒకచోట తీసెయ్యండి. రచయిత్రిగారికి నేను చెప్పుకుంటాలే."

ఇలాంటప్పుడు ఆమె ఎప్పుడూ వర్ణనల్లో కోసేది. ఈ కథలో కూడా రెండో పేజీలో వెన్నెల పుష్కలంగా ఉంది. ఎర్రపెన్నక్క వెన్నెల జోలికి పోలేదు. స్కేలు పెట్టి ఆఖరి ఆరు లైన్ల మీద గీత కొట్టి, కింద సంతకం చేసింది. చేస్తున్నది తప్పని తెలుసు. తెలిసే చేసింది.

పత్రిక వచ్చిన మూడో రోజున చెల్లెలు ఆఫీసుకు వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎడిటరు చెప్పాడు, నువ్వే కోశావట. నా కథ గొంతు కోశావే అక్కా!"

"కథ బాగానే ఉందంటున్నారుగా," అంది ఎర్రపెన్నక్క ప్రూఫు మీంచి తలెత్తకుండా.

"అదే నా ఏడుపు! ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ముగింపు అదిరిందంటున్నారు. ఆ ముగింపు నాది కాదు."

"ఆ రుణం నాదీ కాదు."

"నీ పేరేమైనా పెట్టానా? అది కథ..."

"కథే కదా!" అంది ఎర్రపెన్నక్క. "మరి కథ కోసం ఇంత గింజుకుంటావేం?"

పక్క గదిలో ప్రింటరు ఆగిపోయింది, లేదా ఎవరో వినటానికి ఆపారు.

ఎర్రపెన్నక్క పెన్ను కింద పెట్టి మొదటిసారి చెల్లెలి ముఖంలోకి చూసింది.

"నీ కథ నేను కోయకూడదు. ఇన్నేళ్లలో ఎవరిదీ అలా కోయలేదు. కోపంతో కావాలనే చేశాను. నన్ను క్షమించు. విన్నావుగా? అడిగాను. నోరేం కాలిపోలేదు. నీ కథ మొత్తం గాలించానే. అచ్చుతప్పులు పదకొండు దొరికాయి. నన్ను క్షమించమని చెల్లెలు అడిగిన ముక్క ఒక్కటీ దొరకలేదు. అడక్కుండానే నాచేత క్షమ ఇప్పించేశావు. పైగా థాంక్స్ కూడా చెప్పించావు."

చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది. ఊళ్లోవాళ్లకు ఎదగటం నేర్పే మనిషి చేతులు ఎటు తిప్పాలో తెలియక నిలబడింది.

"ఇప్పుడడిగితే క్షమిస్తావా?"

"అడుగు. క్షమిస్తానని మాత్రం ముందే రాసిపెట్టుకోకు."

చెల్లెలు అడిగింది. ఆ పెళ్లి సంగతి ఎత్తింది, ఆ అబ్బాయి పేరెత్తింది. మొదటి కథ వచ్చిన ఆ వారం పత్రికను పరుపు కింద దాచుకున్నానంది. నిజంగా ఏం జరుగుతుందో తెలిసే రాశానంది, తర్వాత తెలియదంది, మళ్లీ కాదు తెలుసంది. వాక్యాలు సగంలో తెగాయి. చెప్పిందే రెండుసార్లు చెప్పింది. ఒక్కటీ అచ్చుకు పనికొచ్చే వాక్యం కాదు.

ఎర్రపెన్నక్క ఒక్క మాటా దిద్దలేదు. కరిగిపోనూ లేదు. చివరిదాకా కూర్చుని, "విన్నాను" అంది.