గాలానికి పెళ్లిచూపులు

ఆ రోజుల్లో, అంటే నేను అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలోని మంచిచెడ్డలన్నీ ఒక్క ప్రశ్నతో తేలిపోతాయని నమ్మేదాన్ని: ఇది ఎన్నాళ్లు మన్నుతుంది? చెప్పులు కొన్నా, కుక్కర్ కొన్నా, కొత్త స్నేహం కలిసినా అదే ప్రశ్న. తప్పు నాది కాదు, నా ఉద్యోగానిది. కార్ల తలుపుల్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూసి, అవి ఎప్పటికి పాడవుతాయో చూసే ల్యాబ్‌లో పని. (తెరిచేదీ మూసేదీ మెషీనే. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. మా అమ్మ మాత్రం "మా అమ్మాయి అమెరికాలో కార్లు తయారు చేస్తోంది" అని బంధువులందరికీ చెప్పుకునేది. నేనూ కాదనలేదు.)

చేపల పిచ్చి నాకు అంటుకున్నదీ అక్కడే. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒక అమెరికన్ పెద్దాయన మా టీమ్‌లో ఉండేవాడు. మనసులో ఆయన్ని తాతగారూ అని పిలుచుకునేదాన్ని. లంచ్ టైములో పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి నాకు ఫిషింగ్ రాడ్ విసరడం నేర్పాడు. నేను పుట్టు శాకాహారిని, వానపామును కొక్కేనికి గుచ్చడం నా వల్ల కాదంటే, నవ్వి చేతిలో ఒక ప్లాస్టిక్ చేపపిల్లని పెట్టాడు. దాన్ని లూర్ అంటారు. ప్రాణం లేని ఎర. దాన్ని దూరంగా నీళ్లలోకి విసిరి, బతికున్న చేపలా కదిలిస్తూ వెనక్కి లాక్కోవాలి. నిజం చేప పడితే ఒకసారి మొహం చూసి మళ్లీ నీళ్లలో వదిలేసేదాన్ని. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టుంది నీ యవ్వారం. ఆ చేప నీకేం పాపం చేసిందే?" అనేది మా రూమ్మేట్. దానికేం తెలుసు? ఆ లూర్ గాల్లో తేలుతూ వెళ్లి నీళ్లలో చిన్నగా చప్పుడు చేసే క్షణంలో నాకు వీసా గుర్తుండేది కాదు, మేనేజర్ గుర్తుండేవాడు కాదు, పెళ్లి అసలే గుర్తుండేది కాదు.

పెళ్లిని గుర్తుచేసే బాధ్యత గుడిలో పరిచయమైన ఒక ఆంటీ తీసుకున్నారు. కన్నతల్లికి లేని తొందర ఆవిడకి ఉండేది. ఆవిడ చూపించిన మొదటాయన నా రాడ్ చూసి, "పెళ్లయ్యాక ఈ చేపల గొడవ ఉండదుగా?" అన్నాడు. రెండో ఆయన అడగలేదు, నవ్వాడు. ఆ నవ్వు ఇంకా అన్యాయం. నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది. ఇలా ఒక్కొక్కరూ నవ్వుతుంటే, ఎప్పుడో ఒకప్పుడు నేనే సిగ్గుపడి, ఎవరి మెప్పు కోసమో ఆ రాడ్‌ని మూల పడేస్తానేమోనని. అందుకే మూడో సంబంధం రాగానే గట్టిగా అనుకున్నాను. ఈయన కూడా ఆ మాటే అంటే, ఇక సంబంధాలు చూడొద్దని ఆంటీకి సాయంత్రమే చెప్పేస్తాను.

"నేపర్‌విల్ అబ్బాయమ్మా. వరంగల్ వాళ్లు. నెమ్మదస్తుడు. నీ కోసం అంత దూరం డ్రైవ్ చేసుకుని వస్తున్నాడు. పెళ్లిచూపులనుకోకు, కాఫీకి కలువు చాలు" అన్నారు ఆంటీ.

"కాఫీకి కుదరదు ఆంటీ. శనివారం నేను రాడ్ కొనుక్కోవాలి. షాపుకే రమ్మనండి" అన్నాను.

అది పొగరు కాదు, అవసరం. (సరే, కొంచెం పొగరు కూడా.) నా మొదటి రాడ్ సీలింగ్ ఫ్యాన్‌కి తగిలి విరిగింది. రెండోదాని మీద రూమ్మేట్ లాండ్రీ బుట్ట పెట్టింది. ఈసారి కొనేది నా తర్వాత కూడా మిగలాలని పట్టుదల.

షాపులో రాడ్ల వరస ముందు ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, గుడిలో ప్రసాదం కోసం నిలబడ్డట్టు. నమస్కారాలయ్యాయి. ఏం మాట్లాడాలో తెలియకపోతే నేను పాఠం చెబుతాను, అది నా జబ్బు. "చూడండి, బిగుసుకుని ఉన్నంత మాత్రాన గట్టిదని కాదు. మరీ మొద్దు రాడ్ అయితే చిన్న లూర్ దూరం వెళ్లదు. మన లూర్ ఎంత బరువో దానికి తగ్గది చూసుకోవాలి, ఆ లెక్క ఇదిగో, పిడి పైన రాసి ఉంటుంది. పూర్తి గ్రాఫైట్ తేలిగ్గా ఉంటుంది గానీ దెబ్బ తగిలితే ఓర్చుకోదు. ఫైబర్‌గ్లాస్ ఓర్చుకుంటుంది గానీ బరువు. రెండూ కలిపినది మనలాంటివాళ్లకి మంచిది" అని గడగడా చెప్పేశాను. ఆయన అంతా విని, "మనలాంటివాళ్లకి అంటే?" అన్నాడు. "చెయ్యి నిలకడ లేనివాళ్లకి" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

అప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దీపం వత్తుల ప్యాకెట్ తీశాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇక్కడ గూడ దీపం పెడ్తరా అండి?" అన్నాడు.

నవ్వాపుకుని చెప్పాను. రాడ్ పొడుగునా దారం వెళ్లడానికి రింగులుంటాయి. రింగు లోపల కంటికి కనిపించని పగులున్నా చాలు, దారం కోసుకుపోతుంది. దూది పెట్టి లాగితే పగులున్న చోట పోగు పట్టుకుంటుంది. దేవుడి గూట్లో వత్తుల కంటే మంచి దూది నాకెక్కడ దొరుకుతుంది? ఆయన ఇంకేం అడగలేదు. ప్యాకెట్‌లోంచి ఒక వత్తి తీసుకుని, రాడ్ రెండో చివర నుంచి మొదలుపెట్టాడు. అలా ఇద్దరం ఒకే రాడ్‌కి చెరో వైపు నుంచి, మాటా పలుకూ లేకుండా, రింగు తర్వాత రింగు చూసుకుంటూ వస్తున్నాం. షాపువాడు మా వైపు రావడం మానేశాడు. కాసేపటికి ఆయన, "ఈడ పట్టుకుంటున్నదండి" అన్నాడు. నేను అప్పుడే బావుందని వదిలేసిన రింగది. నాకు ఒళ్లు మండింది. మళ్లీ నేను లాగి చూశాను. పట్టుకుంది. మనిషి నచ్చడం అప్పుడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు మాత్రం ఒళ్లు మండడమే తెలిసింది.

చివరికి ఏ లోపమూ లేని రాడ్ ఒకటి దొరికింది. దాన్ని పసిబిడ్డలా మోసుకొచ్చి నా కారులో వెనక సీటు నుంచి ముందు సీటు దాకా ఏటవాలుగా పడుకోబెట్టాను. ఆయన పక్కనే నిలబడి, కాస్త మొహమాటంగా, "నాక్కూడ ఇసరుడు నేర్పిస్తరా?" అన్నాడు.

ఈ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. మానేస్తావా అని అడిగినవాణ్ణి చూశాను గానీ, నేర్పిస్తావా అని అడిగినవాణ్ణి చూడలేదు. మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక, "దానికేముందండీ" అంటూ ముందు తలుపు ధడాల్న వేసేశాను.

టప్‌మని చప్పుడయింది. బయటికి పొడుచుకొచ్చి ఉన్న రాడ్ కొస జానెడు ముక్క నా కాళ్ల దగ్గర పడింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు, మా ల్యాబ్‌లో పరీక్ష నెగ్గిన ఆ తలుపు అలాంటిది. ఆయన వంగి ముక్క తీశాడు. తర్వాత తలుపు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచి అంచు వెంబడి వేలితో తడిమి చూశాడు. సీరియస్‌గా, "డోర్‌కేం కాలేదండి. మంచిగనే టెస్ట్ చేస్తున్నరు మీరు" అన్నాడు.

ఆ పార్కింగ్ లాట్‌లో నేను నవ్విన నవ్వుకి ఎవరో కారాపి మరీ చూశారు.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు. "ఏమ్మా, అబ్బాయెలా ఉన్నాడు?"

"రాడ్ విరిగింది ఆంటీ."

"అయ్యో. అబ్బాయి విరగ్గొట్టాడా?"

"కాదు, నేనే."

"అయితే ఇది కూడా పోయినట్టేనా?" అన్నారు దిగులుగా.

"లేదాంటీ. వచ్చే శనివారం మళ్లీ వస్తానన్నారు. కొసకి కొత్త రింగు అతికిస్తారట."

అతికించాడు కూడా, వీడియోలు చూసి నేర్చుకుని, కొంచెం వంకరగా. జానెడు పొట్టిదై, కాస్త మొండిదై, ఆ రాడ్ బతికింది. మావారికి విసరడం వచ్చేసరికి మాత్రం మా పెళ్లయిపోయింది. (మొదటి రోజు ఆయన పట్టింది నా చున్నీని.) ఇప్పుడు మా ఇంట్లో కారెక్కితే ఎవరూ ఊరికే తలుపు వెయ్యరు. "రాడ్ లోపలుందా?" అని ఒకరు అడగాలి, "ఉంది" అని ఇంకొకరు అనాలి. కూరగాయలకి వెళ్లేటప్పుడు కూడా అంతే. మా అమ్మాయి తన అమెరికన్ యాసలో "రాడ్ లోపల్ ఉందా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడుతుంది.

అంత గట్టి తలుపులున్న ఆ కారు మాత్రం, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి ఎప్పుడో తుక్కు కిందకి పోయింది. మొన్న సరస్సు దగ్గర మా అమ్మాయి ఆ పొట్టి రాడ్‌తో లూర్ విసురుతుంటే, ఆనాడు షాపులో చేతిలో వత్తి పట్టుకుని ప్రతి రింగునీ అనుమానంగా చూసిన ఆ పిల్ల నాకు గుర్తొచ్చింది. పాపం, ఎప్పటికీ విరగనిది కావాలనుకుంది. ఆ పిల్లని పిలిచి, భయపడకు, విరిగినా ఫరవాలేదని చెప్పాలనిపించింది. చెప్పినా వినే రకం కాదు, ముందు దూది పెట్టి చూసేది.