శనివారం వచ్చిన కారు

నీ కొత్త కారు తలుపు తీయగానే గుప్పుమన్న ఆ వాసన ఉంది చూడు బిడ్డా, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లది, కొత్త రబ్బరుది, అది ఈ తాత ముక్కుకు కొత్త కాదు. నువ్వు కోరిన రంగు ఇక్కడ దొరకలేదని పూణేలో కొని, కంటైనర్ లారీ మీద తాండూరు దాకా తెప్పించుకున్నావు. తీరా అది ఇంటి ముందుకు వచ్చేసరికి మీ అమ్మ గేటుకు అడ్డం నిలబడింది. "ఇయ్యాల శనివారం. ఇనుము ఇంట్లకు రావద్దు. రేపటిదాంక బజార్లనే ఉండనీ" అంటోంది. ఉండనీ. మన ఇంటి ముచ్చట్లు రాస్తున్నావు కదా, ముందు నేను చెప్పేది రాసుకో, తర్వాత గేటు సంగతి చూద్దాం.

మా చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే ఈ వాకిలంతా కంది బస్తాలే. ఉడకేసిన పచ్చికంది కాయల ఆవిరి, జొన్నరొట్టె మాడిన వాసన, గనుల నుంచి బండ్ల మీద వచ్చే నాపరాళ్ల తెల్లటి దుమ్ము, అన్నీ కలిసి ఒకటే గాలి. నాయన దుకాణంలో కూర్చునేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, పెళ్లికాని పిల్లగాడు, దుకాణంలో తప్ప అంతటా ఉండేవాడు. నాయన పేరు రాయించుకొని ఏళ్లకేళ్లు ఎదురుచూసిన కారు చివరికి బొంబాయిలో ఇస్తామన్నారు. అంత దూరం గతుకుల్లో నడిపితే కొత్తదనం పోతుందని, గూడ్సుబండి మీద ఎక్కించి పంపమన్నాడు నాయన.

అది వచ్చేదాకా ఆగలేక చిన్నాయన వాకిట్లో బండల మీద సుద్దముక్కతో పెద్ద కారు గీశాడు. ముందు ఆయన, వెనుక ఎడమ కిటికీ నాది, కుడి కిటికీ అక్కది. నోటితో హారన్ కొడుతూ, "టికెట్టు తియ్యుండ్రి! తియ్యనోళ్లను కోట్‌పల్లి కాడ దింపేస్త, నడుసుకుంట పోవాలె!" అనేవాడు. మేం చింతగింజలు ఇచ్చి టికెట్టు తీసుకునేవాళ్లం. నాయనమ్మ తులసికోట దగ్గర నుంచి, "ఓరి పోరడా, పిల్లల కంటె నువ్వే చిన్నగున్నవురా" అని నవ్వేది. కడుపున చివర పుట్టినవాడని, ఎంత రాత్రయినా ఆయన తిన్నాకే తను తినేది.

కారు వచ్చింది శనివారం నాడు. నాయన కుదుర్చుకున్న డ్రైవర్ ఖాజా స్టేషన్ నుంచి పరుగున వచ్చి, "సేఠ్, బండి దిగింది, పెట్రోల్ గుడ పోసిన, తెస్త" అన్నాడు. నాయనమ్మ వద్దంది. "శనివారం ఇనుము గడప తొక్కొద్దు. రేపు పొద్దుగాల తెచ్చి పూజ చేపిద్దాం. మొదలు అనంతగిరి గుడికి పోవాలె, ఆ తర్వాతనే యాడికన్న." తల్లి మాటకు ఎదురు చెప్పడం నాయన ఎరగడు. కారు గూడ్సు షెడ్డులోనే ఉండిపోయింది.

ఆ పొద్దున్నుంచే చిన్నాయనకు కడుపునొప్పి. వాము నమిలాడు, వేడినీళ్లు తాగాడు, తగ్గలేదు. మధ్యాహ్నానికి మోకాళ్లు ముడుచుకొని మూలుగుతున్నాడు. చూడవచ్చిన డాక్టరు వెంటనే వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఎడ్లబండిలో గడ్డి పరిచి నాయన, నాయనమ్మ స్టేషన్‌కు తీసుకెళ్లారు. నేనూ బండి వెనకాలే పరుగెత్తాను. ప్యాసింజరు ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. ఎదురుగా షెడ్డులో తెల్లటి కారు.

"సేఠ్, ఇంటికి తేవద్దన్నరు గని," ఖాజా మెల్లగా అన్నాడు, "ఇక్కడికెంచే పోదాం. రైలు వచ్చేలోపల దవాఖాన్ల ఉంటం."

నాయన తల్లి వైపు చూశాడు.

"పూజ గాని బండిల, మొదలు పోవుడే దవాఖానకా?" అంది నాయనమ్మ. "నా పిల్లగానికి అపశకునం గాదారా? రైలు అస్తది, జర ఆగుండ్రి."

చిన్నాయన మంచి కోరే అంది బిడ్డా. అది రాయి, మరిచిపోకు.

చిన్నాయన బెంచీ మీద నుంచి కారు వైపే చూస్తున్నాడు. నన్ను చూసి, "ఎడమ కిటికీ నీదే, అక్కకియ్యకు" అన్నాడు. రైలు దీపాలు పెట్టే వేళకు వచ్చింది. నాయన, ఖాజా ఎక్కించుకొని వెళ్లారు. లోపల పేగు పగిలిందని, ముందే తెచ్చి ఉంటే బాగుండేదని అక్కడ చెప్పారట.

ఆదివారం ఖాజా ఒక్కడే తిరిగొచ్చాడు. షెడ్డులోంచి కారు తీసుకొని మళ్లీ వికారాబాద్ వెళ్లాడు. మధ్యాహ్నం కారు వాకిట్లోకి వచ్చింది. వెనుక సీట్లో, ఆ ప్లాస్టిక్ కవర్ల మీద, నాయన ఒడిలో తలతో, మీద తెల్లగుడ్డ కప్పిన చిన్నాయన. నాయనమ్మ చెప్పినట్టే ఇనుము ఆదివారమే గడప తొక్కింది.

ఆమె ఆ కారు ఎన్నడూ ఎక్కలేదు. మా ఇంట్లో మళ్లీ ఎవరూ వారం మాట ఎత్తలేదు, ఇవాళ్టిదాకా. ఉగాది రాకముందే నాయన దాన్ని అమ్మేశాడు. సుద్దకారు మీద మాత్రం ఎవరూ నీళ్లు పోయలేదు. అమ్మ దాని చుట్టూ ఊడ్చేది. తొలకరి వానకు అదే పోయింది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ బండలు తీసేసి మీ నాన్న టైల్స్ వేయించాడు. వాకిట్లో కంది వాసన లేదు.

అదిగో, మీ అమ్మ గేటు వదిలి పక్కకు జరిగింది. కళ్లు తుడుచుకుంటోంది, ఏమీ అనకు. పెన్ను పక్కన పెట్టి కారు లోపలికి తే. నేను వెనుక ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటాను. టికెట్టు అడిగేవాడే లేడు.