రాకెట్టూ, నారింజ రంగు కోటూ

ఆ రోజుల్లో తిరుపతి హాస్టల్లో అన్నం ఎంత చల్లారిపోయినా తినేసేదాన్ని గానీ, పక్క మంచం పిల్లకు నాకంటే ఒక్క మార్కు ఎక్కువ వచ్చిందంటే మాత్రం ఆ పూట ముద్ద దిగేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం కుళ్లుకోవడమే నా అసలు పని, చదువు ఖాళీ సమయంలో చేసుకునేదాన్ని. ఆ చదువు శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా. (నగరిలో మా చుట్టాలకు ఈ పేరు చెబితే "అంటే, కాలవలు తీపిచ్చే సదువా?" అని అడిగేవాళ్లు. నాయన మరమగ్గం చప్పుడు మీద గొంతు పెంచి, "కాదబ్బా, జనం తాగే నీళ్లు మంచివో కాదో సెప్పే సదువు. కలెక్టరైనా సరే, మా పాప సరే అన్నాకే గలాసు ఎత్తాల" అనేవాడు. ఆయన మాటలు విని నాకే నా మీద భయం వేసేది.)

పక్క మంచం పిల్లది రాకెట్లు ఎగరేసే చోటికి దగ్గరున్న సూళ్లూరుపేట. అందుకని మొదటి వారంలోనే దానికి 'రాకెట్టు' అని పేరు పెట్టాను. ఏడిపిద్దామనే పెట్టాను. తీరా చూస్తే అది బిరుదై కూర్చుంది. పరీక్షలైనా, ప్రాక్టికల్సైనా ఆ పిల్ల పైకి పోవడమే గానీ కిందికి రావడం లేదు, క్లాసంతా "పేరు భలే కుదిరింది మే" అని నన్నే మెచ్చుకునేవాళ్లు. దాని జడ నున్నగా ఉండేది, అక్షరాలు గుండ్రంగా ఉండేవి, చివరికి దాని బకెట్టుకు కూడా పాచి పట్టేది కాదు. ఇన్ని ఉన్న పిల్లకు కాస్త పొగరైనా ఉంటే నాకు ఊరటగా ఉండేది, అదీ లేదు.

మాకు నీటి పరీక్షలు నేర్పే మాస్టారిని అందరం మూత సారు అనేవాళ్లం. శాంపిల్ సీసా మూత తీస్తే లోపలివైపు ముట్టుకోకూడదు, నేలవైపు తిప్పి పట్టుకోవాలి, లేకపోతే గాలిలోని దుమ్మూ ధూళీ పడుతుంది. ఈ ఒక్క సంగతిని ఆయన సంవత్సరం పొడుగునా చెప్పాడు. ఇంట్లో భార్య అన్నం గిన్నె మూత వెల్లకిలా పెడితే కూడా ఊరుకోడని చెప్పుకునేవాళ్లం. ఆ మూత సారు ఒకరోజు క్లాసులో, తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలకు మమ్మల్ని నీళ్ల పరీక్షలకు తీసుకుపోతున్నానని, మాలో ఒకరు లీడరుగా ఉంటారని చెప్పాడు. లీడరుకి మెరిసే పట్టీలున్న నారింజ రంగు కోటు. మిగతావాళ్లకి సీసాల పెట్టె మోసే భాగ్యం.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి నేనే లీడర్‌నని చెప్పేశాను. ఇంకా ఎవరినీ ఎంచలేదు కదా అని మీరు అడగవచ్చు. ఎంచేలోపు చెబితే అబద్ధం కాదు, ఆశ అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాయన మగ్గం ఆపేశాడు. "మ్మా, నేనూ మీ అత్తా వచ్చి సూస్తాం" అన్నాడు. ఇక కోటు రాకపోతే నాయన ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఉత్సవాలకు ముందు రోజు లీడర్ ఎవరో తేల్చడానికి సారు మమ్మల్ని తిరుచానూరులో ఒక సత్రానికి తీసుకుపోయాడు. మొదట రాకెట్టు వంతు. పెరట్లో ఇత్తడి కొళాయి. పద్ధతి ఏమిటంటే, కొళాయి మూతికి అంటుకున్న క్రిములు పోవడానికి స్పిరిట్‌లో తడిపిన దూదిని ముట్టించి మూతిని కాల్చాలి, కాసేపు నీళ్లు వదిలేయాలి, ఆ తర్వాతే సీసాలో పట్టాలి. రాకెట్టు చిన్న దూదితో, తొణక్కుండా బెణక్కుండా చేసింది. సారు కళ్లు చెమర్చినంత పని అయింది. "సూడండి, దేవుడికి హారతి ఇచ్చినట్టు సేసింది" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

తర్వాత నా వంతు. వరండాలో తళతళలాడే వెండిరంగు కొళాయి చూపించాడు. అది హారతి అయితే నాది జాతర కావాలనుకున్నాను. ఆ పిల్ల వేలి కొస అంత దూది పెడితే నేను నిమ్మకాయంత పెట్టాను, స్పిరిట్ కారేలా ముంచాను, ఆ పిల్ల పట్టినదానికి రెట్టింపు సేపు పట్టాను. మొదట ఏదో వాసన వచ్చింది. తర్వాత కొళాయి మెల్లగా తల వంచింది. క్రిములు చస్తే ఇలాగే ఉంటుందేమో అనుకుంటున్నాను, అంతలో అది మెత్తబడి సాగి కిందపడింది. గోడలోంచి నీళ్లు ఒక్క ఊపున చిమ్మి, అప్పుడే గుండు కొట్టించుకుని చందనం పూసుకుని వస్తున్న ఒక తమిళాయన నెత్తి మీద పడ్డాయి. చందనమంతా చొక్కా మీదికి దిగింది. "ఎన్నమ్మా ఇదు!" అని అరిచాడాయన. "టెస్టింగ్ అండీ" అన్నాను, ఇంకేమీ తోచక.

అది ప్లాస్టిక్ కొళాయి, పైన వెండి పూత. ప్లాస్టిక్ అయితే కాల్చకూడదని, స్పిరిట్‌తో తుడిస్తే చాలని సారు క్లాసులో చెప్పాడట. (ఆ రోజు నేను క్లాసులోనే ఉన్నాను. రాకెట్టు కొత్త చెవిపోగులు ఎక్కడ కొనిందా అని చూస్తూ ఉన్నాను.) సత్రం మేనేజరు పరిగెత్తుకొచ్చి, "నీళ్లు సూడమంటే కొళాయే తినేసినారేంది మీరు!" అని లబోదిబోమన్నాడు. మేమంతా కేకలు పెడుతుంటే రాకెట్టు తన చున్నీ ఉండచుట్టి గొట్టంలో కుక్కి, ప్లంబరు వచ్చేదాకా తడుస్తూ అలాగే నొక్కి పట్టుకుంది. సారు నన్ను తిట్టలేదు. నిట్టూర్చి, కోటు తీసి ఆ తడిసిన పిల్ల చేతిలో పెట్టాడు.

హాస్టల్‌కి రాగానే నాయనకి ఫోన్ చేశాను. "రేపు శానా రద్దీగా ఉంటాదంట, రావద్దులే నాయనా."

"రద్దీ అయితే ఏం మ్మా, కోటేసుకోని నువ్వు కనపడతావు గదా" అన్నాడు.

పక్క మంచం మీద రాకెట్టు అంతా వింటూనే ఉంది. ఫోన్ పెట్టేశాక, "మీ నాయన వచ్చినప్పుడు కోటు నువ్వేసుకో మే. సారుకు నేను సెప్తాలే" అంది. మంచితనంలో కూడా నన్ను మించిపోయిందే అని మళ్లీ కుళ్లుకున్నాను. "వద్దులే" అన్నాను, నిజమని నమ్మేస్తుందేమోనని బాగా మెల్లగా.

మరునాడు చలివేంద్రం దగ్గర నేను కోటులో ఉండగానే నాయన, అత్త వచ్చారు. నాయన నేతగాడు కదా, ముందుగా కోటు అంచు వేళ్లతో నలిపి చూసి, "పాలిస్టరు" అన్నాడు. నీళ్లలో మందు చుక్కలు వేసి, రంగు పసుపుగా మారితే క్లోరిన్ ఉన్నట్టని గొప్పగా వివరించాను. ఏ సీసా కావాలో నేను అడగకముందే రాకెట్టు పెట్టెలోంచి తీసి నవ్వుతూ అందిస్తోంది.

"ఆ పాప ఎవురు?" అన్నాడు నాయన.

"నా కింద పని సేస్తా ఉండాది" అనేశాను. అది వినింది.

"అవును నాయనా, ఈ పాప ఎట్ట సెప్తే అట్ట సేస్తాం" అంది, నవ్వు ఆపుకుంటూ.

పోయేటప్పుడు నాయన నన్ను పక్కకు పిలిచాడు. మెచ్చుకుంటాడని మెడ చాచి నిలబడ్డాను. "నీ కింద పనిసేసే ఆ పాపని సూసి నేర్సుకో మ్మా. అంత బరువు మోస్తా గూడా నవ్వుతా ఉండాది. నువ్వేమో కోటేసుకోని గూడా మొగం మాడ్సుకోని ఉండావు" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరం ఉద్యోగాల్లో ఉన్నాం, నేను చిత్తూరు దగ్గర, అది సూళ్లూరుపేట వైపు. ఈ మధ్య ఫోన్‌లో మాటల మధ్య అది అంది: "ఆ రోజు నీ మీద ఎంత కుళ్లుకున్నానో తెలుసా మే? మీ నాయన వచ్చి నీ కోటు అంచు పట్టుకోని సూస్తా ఉంటే నాకు ఏడుపొచ్చినంత పని అయింది. మా నాయన నా కోసరం ఒక్కనాడు గూడా యాడికీ రాలేదు." పాపం అనుకోవాలి కదా. అనుకున్నాను కూడా, కాస్త తర్వాత. ముందు మాత్రం, రాకెట్టు అంతటిది నన్ను చూసి కుళ్లుకుందా అని ఫోన్ పట్టుకుని గదిలో గిర్రున తిరిగాను.

ఆ సంతోషంలోంచే జాలి పుట్టుకొచ్చి, నాయనకు ఫోన్ చేశాను. "ఎప్పుడన్నా ఆ పక్క పోతే ఆ పాపని ఒకసారి సూసి రా నాయనా, సంతోషపడతాది" అన్నాను, పెద్ద మనసుతో.

"మొన్ననే పొయ్యొచ్చినా మ్మా. మన మగ్గం మీద నేసిన చీర గూడా ఇచ్చొచ్చినా" అన్నాడు.

ఇంత వయసు వచ్చి, ఊరందరి నీళ్లకూ పూచీ పడే ఉద్యోగంలో ఉండి, నా నోటి నుంచి మొట్టమొదట వచ్చిన మాట, "ఏ రంగుది నాయనా?"