వీధి పంపు దగ్గర మాష్టారు

ఆ ఉదయం పొగమంచులో ముందున్న బండి కనబడలేదు. గుర్గావ్‌లో ఆఫీసువాళ్లను దింపి కారు అద్దాలు తుడుస్తుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటి మాష్టారు పోయారు.

ఆయన ఢిల్లీలో తెలుగు పిల్లల బడిలో అర్థశాస్త్రం చెప్పేవారు. ఇది చదివేవాళ్లలో ఆయన శిష్యులు చాలామంది ఉంటారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. మా వీధి చివర కుళాయిలకు క్రోమియం పూత పూసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. కడిగిన నీళ్లు కాలువలోకి వదిలేవాళ్లం. కొన్నాళ్లకు వీధి పంపులో నీళ్లు పసుపుపచ్చగా రావడం మొదలైంది. మా చిన్నదానికి ఒంటిమీద పుండ్లు లేచాయి. గ్లాసును వెలుతురుకెత్తి చూసుకుని తాగే అలవాటు మాష్టారికి అప్పుడే పట్టింది.

షెడ్డు మూయించమని ఆయన అర్జీ రాశారు. ఇచ్చేముందు, మేం అన్నాలు తినే వేళకు దాన్ని పట్టుకుని షెడ్డుకే వచ్చారు.

"మీ కూడు తీసే కాగితం ఇది. మీకు చెప్పకుండా ఇవ్వడం న్యాయం కాదు," అని చదివి వినిపించారు.

కుళాయిలకు మెరుగుపెట్టే రామ్‌కిషన్ రొట్టె కింద పెట్టాడు. "అచ్ఛా మాస్టర్‌జీ! మీకు సర్కారు జీతమిస్తుంది. మాకెవరిస్తారు, మీ పంపా?"

అందరం నవ్వాం. మాష్టారు నా వైపు తిరిగి, "నువ్వేమంటావయ్యా?" అన్నారు.

"పిల్ల పుండ్లూ చూడలేను, పని లేకుండానూ ఉండలేనండి."

"అయితే అదే రాయాలి," అని అక్కడే కూర్చుని ఒక మాట చేర్చారు: ముందు పనివాళ్లకు వేరేచోట పని చూపించి, తర్వాత షెడ్డు మూయాలి.

షెడ్డు మూయాలన్న మాటే నెగ్గింది. షెడ్డుకు సీలు వేశారు. యజమానికి ఢిల్లీ శివార్లలో బవానా వైపు స్థలం ఇచ్చారు. మాకేమీ రాలేదు.

ఆ తర్వాత బడికి సెలవు దొరికినప్పుడల్లా మాష్టారు మమ్మల్ని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. "ఓట్లేసి తెచ్చుకున్న సర్కారు. విసిగించే హక్కు మనకుంది," అనేవారు. చివరికి రామ్‌కిషన్‌కూ మరికొందరికీ బవానా షెడ్డులో పని దొరికింది. అక్కడ నీళ్లు శుద్ధిచేసే తొట్లు కట్టారు. నాకు దొరకలేదు. డ్రైవింగు నేర్చుకోమని ఆయనే పంపారు. ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. మిగతావాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్ల ఊసెత్తితే మాష్టారు తల దించుకునేవారు.

దహనమయ్యాక పంపు దగ్గర కాళ్లు కడుక్కున్నాం. రామ్‌కిషన్ గ్లాసులో నీళ్లు పట్టి వెలుతురుకెత్తాడు. తేటగానే ఉన్నాయి. చాలాసేపు చూసి, తాగకుండా పారబోశాడు. చీకటి పడకముందే బవానా బస్సెక్కి వెళ్లిపోయాడు.